ఖాకీ కాలంలో రంగుల బట్టలు

నాటకాల దుస్తుల కోసం గీసిన పాత బొమ్మల్లో చాలాసార్లు మొహం సరిగ్గా ఉండదు. రెండు గీతలు, అంతే. మొదట్లో నాకది బద్ధకం అనిపించేది. వందేళ్ల కిందటి లండన్ సంగీత నాటకాల డిజైన్లను తెర మీద పెద్దవి చేసి చూస్తూ పోయాక అర్థమైంది, వాటిని గీసింది దర్జీ కోసమని. కుచ్చెళ్లు ఎక్కడ పడాలి, అంచు ఎంత వెడల్పుండాలి, కోరస్‌కి ఇలాంటివి ఎన్ని కుట్టాలి లాంటివి పక్కన పెన్సిల్‌తో రాసి ఉంటాయి. కొన్నిటికి గుడ్డముక్క గుండుసూదితో గుచ్చి ఉంటుంది. ఒకరకంగా అవి కుట్టేవాళ్లకి రాసిన ఉత్తరాలు.

అలాంటి ఉత్తరాలు రాసినవాళ్లలో పెర్సీ ఆండర్సన్ ఒకడు. 1889లో గిల్బర్ట్, సలివన్‌ల 'ది గాండొలియర్స్'కి దుస్తులు గీసిన చెయ్యి అది. అరవై దాటాక, 1916లో, 'చూ చిన్ చౌ'కి గీశాడు. ఆస్కార్ ఆష్ రాసిన నాటకం, ఫ్రెడరిక్ నార్టన్ సంగీతం. కథ మనకు తెలిసిందే: అలీబాబా నలభై దొంగలు. దొంగల నాయకుడు చైనా వర్తకుడి వేషంలో విందుకొస్తాడు. ఆ మారుపేరే చూ చిన్ చౌ. అంటే కథ మొత్తం ఒక వేషం మీదే నడుస్తుంది.

లండన్ హిజ్ మెజెస్టీస్ థియేటర్‌లో తొలి ప్రదర్శన 1916 ఆగస్టు 31న. అప్పటికి సోమ్ యుద్ధం మొదలై రెండు నెలలు. దాని మొదటిరోజే బ్రిటిష్ సైన్యంలో 19 వేలమందికి పైగా చనిపోయారు. సెలవు మీద వచ్చిన సైనికులు ఖాకీ బట్టల్లోనే వచ్చి ఈ నాటకం చూసేవాళ్లు. బురదలోంచి వచ్చిన కళ్లకి ఆ రంగులు ఎలా ఉండి ఉంటాయో! 1921 దాకా 2,238 ప్రదర్శనలు నడిచాయంటే కొంత ఊహించుకోవచ్చు. అప్పటి ఫొటోలు నలుపూ తెలుపూ. రంగు సంగతి తెలియాలంటే ఈ నీటిరంగుల కాగితాల దగ్గరికే రావాలి.

ఇక్కడే నాకో ఇబ్బంది. ఆ 'తూర్పు' లండన్‌లో కూర్చుని ఊహించింది. నాటకం మొదలవడానికి నాలుగు నెలల ముందు, ఏప్రిల్ 29న, ఇరాక్‌లోని కూట్ దగ్గర బ్రిటిష్ ఇండియన్ సైన్యం లొంగిపోయింది. పట్టుబడ్డ సుమారు 13 వేలమందిలో ఎక్కువమంది మనదేశం వాళ్లే. నాటకం నడుస్తుండగానే, 1917 మార్చిలో, బ్రిటిష్ సేనలు అసలు బాగ్దాదుని పట్టుకున్నాయి. అక్కడా మన సిపాయిలున్నారు, ఖాకీలో. అరేబియన్ నైట్స్ మాత్రం లండన్‌లో, రంగుల్లో.

అయినా ఆ బొమ్మల్ని కాదనలేను. చిన్నప్పుడు టీవీలో విఠలాచార్య 'ఆలీబాబా 40 దొంగలు' (1970) చూస్తూ ఎన్టీఆర్ తలపాగాని నోరు తెరుచుకుని చూసిన పిల్లల్లో నేనూ ఉన్నాను. అదీ ఊహల బాగ్దాదే. ఆ బట్టలు ఎవరు గీశారు, ఎవరు కుట్టారు అని అప్పుడు అడగలేదు.

ఇప్పుడు అడుగుతున్నాను. ఆండర్సన్ పేరు కాగితాల మీద మిగిలింది. ఆ ఉత్తరాలు అందుకుని రాత్రుళ్లు కూర్చుని కుట్టినవాళ్ల పేర్లు వాటిమీద లేవు. బొమ్మలో మొహం దగ్గర ఖాళీ చూసినప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు.