నుదుటివ్రాతయా, పరిసరమా?

మనిషి పడే పాట్లకు కారణమేమని అడిగితే మన పెద్దలు నుదుటివ్రాత అన్నారు. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధములో ఫ్రాన్సు దేశపు రచయితలు కొందరు ఆ మాటకు బదులుగా రెండు మాటలు చెప్పినారు. ఒకటి వంశానుగతము, రెండవది పరిసరము. సాహిత్యచరిత్రలో ఈ దృష్టికి సహజవాదమని పేరు. దాని సారమేమో, శ్రీకాకుళ విజయనగర ప్రాంతముల రచయితలు మనిషి విధిని గూర్చి ఏమి తేల్చినారో ఈ స్వల్పవ్యవధిలో మనము విచారింతము.

జాతి, పరిసరము, కాలము అనే మూడింటి కలయికలో సాహిత్యము పుట్టునని టేన్ అనే విమర్శకుడు 1860ల దశకములో వాదించినాడు. 1865లో క్లోద్ బెర్నార్ అనే శాస్త్రవేత్త ప్రయోగాత్మక వైద్యమును గూర్చి ఒక గ్రంథము ప్రకటించినాడు. ఎమీల్ జోలా దానిని ఆధారము చేసికొని, నవలాకారుడు సైతము పాత్రలను ఒక పరిస్థితిలో నిలిపి, ఏది దేనికి దారితీయునో శాస్త్రజ్ఞుని వలె పరిశీలింపవలెనని 1880లో ప్రతిపాదించినాడు. 1871 నుండి 1893 వరకు ఒకే కుటుంబపు శాఖలను గూర్చి 20 నవలలు వ్రాసినాడు. బొగ్గుగని కార్మికుల కథ అయిన 'జెర్మినాల్' కొరకు 1884లో సమ్మె జరుగుచున్న ఆంజాన్ గనులకు స్వయముగా పోయి చూచి వచ్చినాడు.

ఈ పద్ధతిలో గొప్ప బలమున్నది; ఒక చిక్కు కూడ ఉన్నది. తాగుబోతును చూచి, తప్పు వానిది కాదు, వాడు పుట్టిన ఇంటిది, పెరిగిన వీధిది అని చెప్పినప్పుడు మనలో కరుణ పుట్టును. కాని ఆ మాటనే మరికొంత దూరము లాగితే తప్పు ఎవరిదీ కాదనవలసి వచ్చును. అప్పు పెట్టి ఇల్లు గుల్లచేసినవాడును తన పరిసరమునకు బద్ధుడే గదా! అప్పుడు పరిసరమనునది నుదుటివ్రాతకు మారుపేరు మాత్రమే అగును. మన రచయితలు జోలాకు శిష్యులని మనము చెప్పుట లేదు. కాని ఈ చిక్కు వారికిని ఎదురైనది.

వారి సీమ ఎటువంటిది? తూర్పు కనుమలకు సముద్రమునకు నడుమ పరచుకొన్న నేల అది. వంశధార, నాగావళి కొండల నుండి దిగివచ్చి సముద్రములో కలియును. వానకాలములో పొంగును, వేసవిలో ఇసుక తేలును. తీరమునకు తుపానుల బెడద ఉండనే ఉన్నది. 1802లో శాశ్వత శిస్తు ఏర్పాటు వచ్చినది. అది నిలబెట్టిన జమీందారీలు 1948 నాటి చట్టముతో గాని రద్దు కాలేదు. కూలి వెదకుకొనుచు ఎందరో బంగాళాఖాతము దాటి రంగూనుకు పోయినారు. ఇందులో కొండ, ఏరు, తుపాను మనిషి చేసినవి కావు. శిస్తు, అప్పు, ఆచారము, చట్టము మనిషి చేసినవే. ఈ సీమ రచయితల చూపు ముఖ్యముగా ఈ రెండవ జాబితా మీద నిలిచినది.

మొదట గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము'ను చూతము. 1892 ఆగస్టు 13న విజయనగరములో మొదటిసారి ప్రదర్శితమైన ఈ నాటకమునకు వెనుక ఒక పట్టిక ఉన్నది. విజయనగర ప్రభువు ఆనంద గజపతి విశాఖపట్టణము జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబములలో మూడు సంవత్సరములలో జరిగిన శుల్కవివాహముల లెక్క తీయించినారు. అవి 1,034 అని గురజాడవారు 1897 నాటి పీఠికలో తెలిపినారు. అందులో అయిదేండ్ల పిల్లలు 99 మంది, నాలుగేండ్లవారు 44 మంది, మూడేండ్లవారు 36 మంది, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. నాటకములోని అగ్నిహోత్రావధానులు రాక్షసుడు కాడు. పెద్దకూతురు బుచ్చమ్మను అమ్మి, ఆమె వితంతువైన తరువాత కూడ చిన్నది సుబ్బిని ముసలి లుబ్ధావధానులకు కట్టబెట్టబోయిన ఆ తండ్రికి, చుట్టుపట్ల అందరు చేయునదే తానును చేయుచున్నాననే ధీమా ఉన్నది. పరిసరపు బలమనగా ఇదియే. కాని అదే నాటకములో వేశ్యావృత్తిలో ఉన్న మధురవాణి ఆ పెండ్లి చెడగొట్టుటకు నడుము కట్టును. పుట్టుక, వృత్తి మనిషిని పూర్తిగా కట్టివేయలేవనుటకు ఆమెయే సాక్షి.

విజయనగరపు కథకుడు చాగంటి సోమయాజులుగారి 'ఎందుకు పారేస్తాను నాన్నా' కథలో తుపాను లేదు, హత్య లేదు. చదువుకొనగల తెలివి ఉన్న కుర్రవాడు ఇంటిలేమి వలన బడి మానినాడు. తండ్రికి చుట్టలు తెచ్చుటకు బడి మీదుగా పోవలసి వచ్చినప్పుడు తోటి పిల్లల ఎదుట వాడు సిగ్గుతో కుమిలిపోవును. జోలా ఎంతగానో చెప్పిన వంశానుగత దోషము ఇచట ఏదియు లేదు. ప్రకృతి ఇచ్చిన తెలివిని ఫీజు డబ్బు కాజేసినది.

శ్రీకాకుళములో పుట్టి విశాఖపట్టణములో న్యాయవాదిగా ఉన్న రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు మరొక అడుగు వేసినారు. 1877 నాటి 'లాసొమ్వార్' నవలలో పారిసు నగరపు చాకలిస్త్రీ బ్రతుకును సారాయి కూల్చును. శాస్త్రిగారి 'ఆరు సారా కథలు'లో మద్యనిషేధ చట్టము చుట్టు అల్లుకొన్న వ్యాపారము, పోలీసు, న్యాయస్థానము కలిసి బీదవారిని కూల్చును. చట్టము కూడ ఒక పరిసరమేనని ఆ కథలు మనకు చూపినవి.

ఇక కాళీపట్నం రామారావుగారు. శ్రీకాకుళము ప్రాంతపు మురపాకలో 1924లో పుట్టి, చిరకాలము ఉపాధ్యాయులుగా ఉండి, 2021లో కన్నుమూసినారు. 1964లో వెలువడిన వారి 'యజ్ఞము' కథలో ఊరు బాగుపడినది. పెద్దమనుషులు ధర్మము తప్పరని పేరు. అటువంటి ఊరిలోనే అప్పలరాముడు పాత అప్పు క్రింద నలిగి, తీర్పునకు తలయొగ్గి ఉన్న భూమిని వదలుకొనుటకు సిద్ధపడును. అది విని, కొడుకు సీతారాముడు తన బిడ్డ కంబారిగా బ్రతుకుట కంటె చచ్చుట మేలని వానిని తన చేతులతోనే చంపును.

ఆ ఘట్టమును చదివినప్పుడు మన చిక్కు మరల ఎదుట నిలుచును. సీతారాముని చేత ఆ పని చేయించినది పరిసరమా? అవునంటే వాని చేతిలోని రక్తము కడుగుకొనిపోదు. కాదంటే తీర్పు చెప్పిన పెద్దమనుషులు నిర్దోషులై ఇంటికి పోవుదురు. రామారావుగారు రెండింటిలో దేనికిని ఒప్పుకొనలేదు. ఆ అప్పు ఎట్లు పెరిగినదో అంచెలంచెలుగా చూపి, న్యాయమని అందరు తలయూపిన ఏర్పాటునే బోనులో నిలిపినారు.

మనము గ్రహింపవలసినది ఇదే. పరిసరము మనిషి విధిని మలచునని ఈ సీమ సాహిత్యము జోలా అంత గట్టిగానే చెప్పినది. అంతటితో ఆగక, ఆ పరిసరమును మలచినవారెవరని కూడ అడిగినది. శుల్కము పుచ్చుకొన్నది చేతులే, పత్రము వ్రాసినది చేతులే. చేతులు చేసినదానిని చేతులు మార్చగలవు. నుదుటివ్రాతకు లేని గుణము ఇదియే.

రామారావుగారు 1997లో శ్రీకాకుళములో కథానిలయమును నెలకొల్పి తెలుగు కథలను ఒకచోట చేర్చినారు. ఆనంద గజపతి నాటి పట్టిక మూడేండ్ల పెండ్లిండ్లకు లెక్క అయితే, ఈ నిలయము తరతరముల తెలుగు బ్రతుకులకు లెక్క. చదివి తీర్పు చెప్పవలసిన భారము మనది.