విద్యుద్రసాయన ఘటాలు: హట్టి బంగారం దారిలో

విద్యుద్రసాయన ఘటంలో ఎలక్ట్రాన్లు వదిలే చోటు ఆనోడు, అందుకునే చోటు కాథోడు. చర్య తనంతట తానే జరిగితే గాల్వానిక్ ఘటం, బయటి కరెంటుతో జరిపిస్తే విద్యుద్విశ్లేషణ ఘటం. 1800లో వోల్టా ప్రకటించిన లోహపు బిళ్లల దొంతర మొదటి రకం. 1859 నాటి ప్లాంటే సీసపు బ్యాటరీ వాడకంలో మొదటి రకం, చార్జింగులో రెండోది.

రాయచూరు జిల్లా లింగసుగూరు తాలూకాలోని హట్టిలో ఈ రెండూ బంగారం తీసే పనిలోనే ఉన్నాయి. ఇక్కడి తవ్వకం సుమారు 2,000 ఏళ్ల నాటిది. పూర్వులు రాతిని మంటతో కాల్చి పగలగొట్టేవారు; కంటికి ఆనని పసిడి మాత్రం రాతిలోనే ఉండిపోయేది. 1947లో ఏర్పడిన హైదరాబాద్ గోల్డ్ మైన్స్ కంపెనీ, 1956లో రాష్ట్రాల పునర్విభజనతో హట్టి పేరు పెట్టుకుంది.

సన్నని పసిడిని పట్టిచ్చింది సయనైడ్. 1887లో మెకార్థర్, ఫారెస్ట్ సోదరులు ఆ పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. రాతిపిండి గుజ్జులో ప్రతి బంగారు రేణువూ ఒక బుల్లి గాల్వానిక్ ఘటమే. పాఠ్యపుస్తకం గీసే గాజు బీకర్లు, తీగలు ఇక్కడేవీ ఉండవు. రేణువు మీద ఒకచోట బంగారం ఎలక్ట్రాన్ వదిలి సయనైడ్‌తో కలిసి కరిగిపోతుంది; ఆ పక్కనే ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లను అందుకుంటుంది. ఇనుముకు తుప్పు పట్టే తీరు కూడా ఇదే. నాలుగు బంగారు పరమాణువులకు ఒక ఆక్సిజన్ అణువు కావాలి, అందుకే గుజ్జులోకి గాలి ఊదుతారు.

కరిగినదాన్ని తిరిగి రాబట్టడానికి ఒకప్పుడు జింకు పొడి కలిపేవారు. జింకు కరుగుతూ ఎలక్ట్రాన్లిస్తే బంగారం బయటపడేది. ఇదీ కరెంటు అక్కర్లేని ఘటమే. ఇప్పుడు హట్టిలో ఉత్తేజిత బొగ్గు బంగారాన్ని పీల్చుకుంటుంది. బొగ్గు నుంచి దాన్ని వేడి ద్రావణంలోకి దింపి, ఆ ద్రావణంలోకి డీసీ కరెంటు పంపుతారు. బంగారం కాథోడు మీద పేరుకుంటుంది. తమాషా ఏమిటంటే, బంగారు సయనైడ్ అయానుది ఋణావేశం. కాథోడు దాన్ని నెట్టేస్తుంది. అయినా విసరణం వల్ల, ద్రావణం పారడం వల్ల చేరుకుంటుంది. ఫారడే లెక్కన ఒక ఆంపియరు కరెంటుకు గ్రాము బంగారం ఎనిమిది నిమిషాల పని. కానీ తొట్టెలో చాలా కరెంటు నీటిని విడగొట్టడానికే పోతుంది.