దీపం ఒక్కటే వున్న రోజుల్లో

రాత్రి భోజనాలయ్యాక ఓ గంటసేపు సెల్లులు పక్కన పెట్టి, ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చోవాలట. ఈమధ్య ఎవరి నోట విన్నా ఇదే సలహా. మంచిదే. కానీ మా దర్శి వైపు పాత సంగతులు తలుచుకుంటుంటే నాకో సందేహం వచ్చింది. మన తాతముత్తాతలు ఎవరి సలహా విని కలిసి కూర్చున్నారు?

ఎవరి సలహా లేదు. ఇంట్లో దీపం ఒక్కటే వుండేది. అంతే.

దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లా. వెంకటగిరి రాజావారి జమీందారీలో ఒక తునక. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది. 1972లో ఆ జిల్లాకి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. సాగర్ కాలవలకి 1967లో నీళ్ళు వదిలారు గానీ, అంతకుముందు ఈ మెట్టనేలలో వ్యవసాయమంటే మొగులుకేసి చూడటమే. అలాంటి చోట కిరసనాయిలు చుక్క చుక్కా లెక్కే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో దానికీ రేషన్ వచ్చింది. గదికో దీపం పెట్టుకునే వైభోగం ఎంతమందికుంటుంది? లాంతరు వసారాలో పెడితే అందరూ వసారాలోనే. పిల్లాడి ఎక్కాలు, తాతగారి దగ్గు, కోడలి పని, అన్నీ ఆ వెలుగులోనే.

పని అంటే ఏ కాలానికి ఆ పని. విత్తనానికి వేరుశనక్కాయలు వలవడం. పత్తిలో గింజ తీయడం. మాఘ ఫాల్గుణాల్లో ఎండుమిరపకాయలకి తొడిమలు తీయడం. ఈ చివరి దాని గురించి కాస్త చెప్పాలి. మిరపకాయలు ముందేసుకుంటే ముందు చేతులకి నూనె రాసుకోవాలి. కంట్లో నలక పడినా చెయ్యి పెట్టకూడదు. పక్కవాళ్ళని పిలిచి కొంగుతో తీయించుకోవాలి. చేతులు కట్టేసినట్టే కనక నోటికి పని ఎక్కువ. పొడుపు కథలు, ఊళ్ళో సంగతులు, ఎవరి పెళ్ళిలో ఎవరలిగారో ఆ చరిత్ర అంతా మా నాయనమ్మ తుమ్ముకుంటూనే చెప్పేది.

వేసవిలో చింతపండు. దంచి, గింజ తీసి, ఏడాదికి సరిపడా కుండలకెత్తేవాళ్ళు. ఆ గింజలే మర్నాటికి ఆటబిళ్ళలు. చెక్కపీట వున్నవాళ్ళు పీట మీద, లేనివాళ్ళు మట్టి అరుగులోనే వరసకి ఏడు చొప్పున పధ్నాలుగు గుంటలు తవ్వుకుని వామనగుంటలు ఆడేవాళ్ళు. గింజలు ఒక్కొక్కటే పంచుకుంటూ పోవడం, ఖాళీ గుంట తగిలితే దాని పక్క గుంటలోవి గెలుచుకోవడం. చూడటానికి పిల్లల ఆటే. కానీ ఏ గుంటలోంచి తీస్తే ఎక్కడ తేలతామో చెయ్యి పెట్టకముందే లెక్క తెలియాలి. అక్షరం ముక్క రాని ముసలమ్మ హైస్కూలు మనవణ్ణి వరసగా నాలుగాటలు ఓడించేది. తమిళులకిది పల్లాంగుళి. ఆఫ్రికాలో మంకాల అని పిలిచే ఆటలన్నీ దీని చుట్టాలే. అక్కడా గింజలే, అక్కడా గుంటలే.

ఇంతవరకూ చదివి, ఆహా ఏం రోజులు అని మీరు నిట్టూరిస్తే నేనొప్పుకోను. అందరూ కలిసి కూర్చునేవాళ్ళంటున్నానే, అందరూ అంటే ఎవరు? గుడి మండపంలో బండమీద గీతలు గీసుకుని మూడు పులులతో, పదిహేను మేకలతో పొద్దుపుచ్చింది మగవాళ్ళు. ఆ వేళకి ఇంట్లో ఆడవాళ్ళు పొయ్యి ముందున్నారు. చేతిలో పని వుంటేనే వాళ్ళకి వసారాలో కూర్చునే హక్కు. మిరపకాయలూ, చింతపండూ వాళ్ళకి పనీ, తీరికా కూడా.

అందుకే నాకు ఆ పాత రాత్రుల్లో శివరాత్రి అంటే ప్రత్యేకమైన అభిమానం. కొందరు బండ్లు కట్టుకుని కోటప్పకొండ తిరునాళ్ళకి, ఆ ప్రభల వెలుగు చూడటానికి పోయేవాళ్ళు. ఇంట్లో వున్నవాళ్ళకి ఉపవాసం, జాగరం. ఉపవాసమంటే ఆ రాత్రి పొయ్యి వెలగదు, అంట్లు పడవు. ఏడాదిలో ఆ ఒక్క రాత్రి అమ్మ కూడా వైకుంఠపాళి పటం దగ్గర గవ్వలు పట్టుకుని కూర్చునేది. అత్తగారు పైదాకా పోయి అరుకాసురుడి నోట్లో పడి జర్రున కిందికొస్తే కోడలు పైకే నవ్వొచ్చు! భక్తి సంగతి అలా వుంచండి, ఇది తక్కువ పుణ్యమా?

జాగరానికి ఆటపాటలు ఈనాటివి కావు. పదమూడో శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైలంలోని శివరాత్రి సందడి చెబుతూ బొమ్మలాట ప్రస్తావన కూడా తెచ్చాడు. తోలుబొమ్మలాటకి తెల్లటి తెర, వెనక దీపం. కాబట్టి తెర మన ఇళ్ళమీద కొత్తగా వచ్చిపడిన శత్రువేం కాదు. అయితే ఆ తెర ఏడాదికి ఏ రెండుసార్లో వచ్చేది, ఊరంతా ఒకే తెర చూసేది, తెల్లారేసరికి మడిచి మూటకట్టుకుపోయేవాళ్ళు.

1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి మొదలైంది. రేడియో మర్యాదస్తురాలు. చెవి మాత్రమే అడిగేది. నాటకం వింటూ తొడిమలు తీసుకోవచ్చు. టీవీ అలా కాదు, కన్ను కావాలంది. కన్ను అటు తిరిగితే చెయ్యి ఆగిపోయింది. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో వచ్చింది కానీ మా వైపు పల్లెలకి టీవీ అంటే రామాయణమే. 1987 జనవరి నుంచి 1988 జూలై దాకా ఆదివారం పొద్దున్న, హిందీ ఒక్క ముక్క తెలియకపోయినా, టీవీ వున్న ఇంటి వసారా నిండిపోయేది. ఇంకా కలిసే కూర్చున్నామన్నమాట, కాకపోతే ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. సెల్లు వచ్చి కన్నూ, చెవీ చాలవని ఆ చెయ్యి కూడా అడిగి తీసుకుంది. పైగా దాని వెలుగు ఒక్క మొహానికే సరిపోతుంది. నలుగురికి నాలుగు దీపాలు, నాలుగు మూలలు.

మధ్యలో ఒక మేలు చేసింది కరెంటాఫీసు. 2012లో రాష్ట్రమంతా కోతలతో ఉక్కిరిబిక్కిరైనప్పుడు రాత్రిళ్ళు మంచాలు వాకిట్లోకొచ్చాయి. ఉక్కపోతకి తిట్టుకుంటూనే జనం కబుర్లు చెప్పుకున్నారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు అటకమీది వామనగుంటల పీటలు కొన్ని కిందికి దిగాయి. తలుపులు తెరుచుకోగానే చాలావరకు మళ్ళీ అటకెక్కాయి. అవసరం వచ్చి కూర్చోబెడితే కూర్చున్నాం, అవసరం తీరగానే లేచాం. కారం పొడి పొట్లాల్లో వస్తోంది, చింతపండు గింజ తీసే వస్తోంది. ఆ పనులు పోయినందుకు నేనేం ఏడవను. తుమ్మింది మా నాయనమ్మే కదా. అయితే ఇప్పుడు గంటసేపు కూర్చోవాలని తీర్మానం చేసుకునే ఇళ్ళలో, ఆ గంటలో అంట్లు ఎవరు తోమాలో కూడా ముందే తేల్చుకుంటే బావుంటుంది.

ఈ వేసవిలో నేను గింజ తీయని చింతపండు కొన్నాను. కాస్త చవక కూడా. నట్టింట్లో చాప మీద పోసి ఇంట్లో మగవాళ్ళిద్దర్నీ పిలిచాను. మావాడు సెల్లు చూస్తూనే వచ్చి, చూస్తూనే కూర్చుని, ఓ చేత్తో నాలుగు గింజలు తీశాడు. తర్వాత రెండో చెయ్యి కూడా పెట్టాల్సొచ్చింది. మరో అయిదు నిమిషాలకి సెల్లు మోగింది. పదివేళ్ళకీ పులుపు జిగురు. వాడు దానివంక చూశాడు, నావంక చూశాడు, "పోనీలే, మళ్ళీ చేస్తారు" అని ఇంకో కాయ అందుకున్నాడు.