కవాతుకు ముందు ఆడిన ఆటలు

1855లో బ్రైట్‌హాప్ట్ అనే ప్రష్యా సైనిక వైద్యుడు ఒక నొప్పి గురించి రాశాడు. దెబ్బ తగలదు, కాలు జారదు. అయినా కవాతు చేసిన కుర్రాళ్ల పాదాలు వాచి, అడుగు పడనిచ్చేవి కావు. లోపల ఎముక సన్నగా చిట్లుతోందని 1897లో ఎక్స్‌రేనే చూపించింది.

అప్పటికే యూరప్ సైన్యాలు వ్యాయామాన్ని నమ్ముకుని చాలా కాలమైంది. యాన్ అనే జర్మన్ ఉపాధ్యాయుడు 1811లో బెర్లిన్ దగ్గర వ్యాయామ మైదానం తెరిచాడు. నెపోలియన్‌ను ఎదిరించే యువకులను తయారుచెయ్యాలన్నది అతని పట్టుదల. 1860లో బ్రిటిష్ సైన్యం తన శిక్షకులను ఆక్స్‌ఫర్డ్‌లో మక్లారెన్ అనే వ్యాయామ గురువు దగ్గరికి పంపింది. బోయర్ యుద్ధంలో చేరడానికి వచ్చినవాళ్లలో ఎందరో దేహదారుఢ్యం లేక వెనుదిరిగితే, 1904లో ఒక కమిటీ కారణాలు వెతికింది. ఇన్ని ప్రయత్నాల్లోనూ కండనూ ఊపిరినీ లెక్కపెట్టారు గానీ ఎముక సంగతి ఎవరికీ పట్టలేదు.

మన దగ్గర సైన్యమే ఆటగాళ్లను తయారుచేసింది. ధ్యాన్‌చంద్ 1922లో సిపాయిగా చేరాకే హాకీలో రాటుదేలాడు. సైన్యంలో చేరబోతే పలుమార్లు తిరస్కరణ ఎదురైన మిల్ఖాసింగ్‌లోని పరుగువీరుడు బయటపడింది మన సికింద్రాబాద్‌లోని సైన్యపు ఈఎంఈ కేంద్రంలోనే. చిన్నప్పుడు బడికి మైళ్లకొద్దీ నడిచీ పరుగెత్తీ వెళ్లిన కాళ్లవి.

కవాతులో చిట్లే ఆ ఎముక గుట్టు విప్పింది ఇజ్రాయెల్ సైనిక వైద్యులు. శిక్షణకు ముందు కనీసం రెండేళ్లు బంతాటలు, ముఖ్యంగా బాస్కెట్‌బాల్, ఆడినవాళ్లలో ఎముకలు చిట్లడం మిగతావాళ్లకంటే చాలా తక్కువని 2000లో ప్రకటించారు. పరుగు మాత్రమే సాధన చేసి వచ్చినవాళ్లకు ఆ రక్షణ కనిపించలేదు! ఆలోచిస్తే సబబుగానే ఉంది. పరుగులో ప్రతి అడుగూ ఎముకను ఒకే తీరున తాకుతుంది. ఎగిరి దిగడం, చటుక్కున ఆగడం, పక్కకు తిరగడం దాన్ని అన్ని వైపులనుంచీ కుదుపుతాయి. ఆ కుదుపులకు తట్టుకోవడానికే ఎముక గట్టిపడుతుంది. ఊపిరి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. ఎముకకు నెలలూ ఏళ్లూ కావాలి.

అందుకే శ్రీకాకుళం, విజయనగరం రోడ్ల మీద తెల్లవారుజామున అగ్నివీర్ ర్యాలీ కోసం 1.6 కిలోమీటర్లు పరుగు తీసే తమ్ముళ్లను చూస్తే గర్వంతోపాటు బెంగ కూడా కలుగుతుంది. ఆ పరుగు ర్యాలీ దాటిస్తుంది, నిజమే. బరువు మోస్తూ కవాతు చేసే నెలలు ఆ తర్వాత మొదలవుతాయి. బాస్కెట్‌బాల్ కోర్టు లేని ఊళ్లోనూ వాలీబాల్ నెట్టు కట్టుకోవచ్చు. పదిహేనేళ్లకే ఆ ఎగరడం, దిగడం అలవాటు కావాలి. బడి నడిపే పెద్దలారా, ఆటల పీరియడ్‌ను లెక్కల పాఠానికి ఇచ్చెయ్యకండి.