తెల్లపూవు నేర్పిన విద్య – నూనెగింజల చేలలో జన్యు మౌనము

1990లో అమెరికాలోని కాలిఫోర్నియాలో జోర్గెన్సెన్, నెపోలి మొదలగు శాస్త్రజ్ఞులు పెటూనియా పూలకు మరింత ముదురు ఊదారంగు తెప్పింపవలెనని తలచిరి. అందులకై రంగును కల్పించు జన్యువును మొక్కలోనికి అదనముగా చొప్పించిరి. జన్యువు రెట్టింపైనచో రంగును రెట్టింపు కావలెను గదా! కాని అనేక మొక్కలకు తెల్లని పూలు పూచినవి. కొన్నింటి రేకులలో తెలుపు, ఊదా కలగలిసి ఉండెను. కొత్త జన్యువు తాను పనిచేయకపోవుటయే గాక, మొక్కకు పుట్టుకతో ఉన్న జన్యువు నోరు కూడ మూయించినది. ఇది ఎట్లు జరిగెనో ఆనాడు ఎవరికిని బోధపడలేదు.

ఎనిమిదేండ్లకు గాని చిక్కు విడలేదు. జన్యువులోని ఆదేశము నేరుగా అమలు జరుగదని విద్యార్థులు ఎరిగినదే. దానికి ఆర్.ఎన్.ఏ. రూపమున ఒక నకలు తయారగును. ఆ నకలును అనుసరించి కణము ప్రోటీనును నిర్మించును. ఈ నకలు ఒంటిపోగు. 1998లో ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో అనువారు ఒక మిల్లీమీటరు పొడవు గల నులిపురుగునకు జంటపోగుల ఆర్.ఎన్.ఏ.ను సూదితో ఎక్కించి చూచిరి. దానితో వరుస సరిపోలిన జన్యువు ఒక్కటే మూగపోయెను. కణము జంటపోగును చిన్న తునకలుగా కత్తిరించి, వానినే ఆనవాలుగా పెట్టుకొని, అదే వరుస గల నకళ్లను వెదకి నరికివేయునని తరువాత తేలినది. జన్యువు చెక్కుచెదరదు, దాని మాట మాత్రము చేరదు. ఈ ఇద్దరికిని 2006లో నోబెల్ బహుమానము లభించెను.

పురుగు తిను ఆకులోనే ఈ జంటపోగును ఉంచిన నేమి? 2007లో రెండు ప్రయోగఫలితములు ఒకేసారి వెలువడినవి. అమెరికాలో మొక్కజొన్న వేరును తొలిచెడి పెంకుపురుగు పిల్లలు అట్టి మొక్కలను తిని చచ్చినవి. చైనాలో ప్రత్తి కాయతొలుచు పురుగు చావలేదు. ప్రత్తిలోని గాసిపాల్ అను విషమును తట్టుకొను శక్తి తగ్గి, ఎదుగుదల కుంటుపడెను. ఈ భేదమును పాఠకులు గుర్తుంచుకొందురు గాక.

ఐరోపాలో నూనెకై విస్తారముగా పండించు రేప్ అను పైరు మన ఆవాలకు జ్ఞాతి. దాని మొగ్గలను పుప్పొడి కొరకు తొలిచి రాల్చెడి చిన్న పెంకుపురుగు ఒకటి కలదు. వాడుకలోనున్న పైరిత్రాయిడ్ మందులకు అది అలవాటుపడిపోయెను. అవే పూలపై తేనెటీగలు వాలుచుండుటచే ఘాటైన మందులు చల్లుటకును వీలులేదు. కావున తేనెటీగలో లేని వరుసను ఏరుకొనగల ఈ ఉపాయముపై ఆశ కలిగెను. ఎస్టోనియా శాస్త్రజ్ఞులు 2021లో ప్రకటించిన ప్రయోగములో, జంటపోగు పూసిన పూభాగములను కొద్దిదినములు మాత్రమే తిన్న పురుగులకంటె, ఎడతెగక తిన్న పురుగులు ఎక్కువగా చచ్చినవి. పైన చల్లిన ఆర్.ఎన్.ఏ. పొలములో ఎంతోకాలము నిలువదు. కనుక మొక్కయే దానిని తయారుచేసికొనుట మేలనిపించును. అయితే జన్యుమార్పిడి పైరులను సేద్యము చేయుటకు ఐరోపాలో అనుమతి దొరకుట బహు కష్టము.

మరి మన ఆముదమునకు, వేరుసెనగకు? ఇచట కథ అడ్డము తిరుగుచున్నది. మన ప్రధాన శత్రువులు పెంకుపురుగులు కావు. ఆముదమును మేయు దాసరి పురుగు, వేరుసెనగపై పడు పొగాకు లద్దెపురుగు, ఎర్ర గొంగళి. ఇవన్నియు రెక్కలపురుగుల పిల్లలు. ఈ జాతిపై జరిగిన నూటయేబదికి పైగా ప్రయోగములను 2011లో ఒకచోట చేర్చి చూడగా, కొన్ని ఫలించినవి, అనేకము విఫలమైనవి. వీని ప్రేగులలోని రసములు జంటపోగును పనిచేయకముందే ముక్కలు చేయుచున్నవి. ఈ జాతికే ప్రత్యేకమైన అట్టి ఎంజైము నొకదానిని 2018లో గుర్తించిరి. జంటపోగునకు సన్నని తొడుగు వేసి ప్రేగు దాటించుట, ఆకులోని పత్రహరిత కణికలలో దాచి తినిపించుట – ఈ రెండు మార్గములలో పరిశోధన సాగుచున్నది.