గాలికి మూల దొరకని ఇల్లు

ఏలూరు జిల్లా గుంటుపల్లి కొండమీద బౌద్ధులు తొలిపించిన గుహల్లో ఒకటి గుండ్రంగా ఉంటుంది. లోపల స్తూపం. దాన్నే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు. తలెత్తి చూస్తే రాతికప్పు నిండా చెక్కిన వాసాలు కనిపిస్తాయి. కొండను మోయడానికి వాసాలెందుకు? క్రీస్తు పూర్వం 2వ శతాబ్దం నాటిదని చెప్పే ఆ గుహను తొలిచినవాళ్ళు తమకు బాగా తెలిసిన కర్రకప్పు ఇంటిని రాతిలోకి దించారు. గుండ్రటి ఇల్లు అప్పటికే పాతది. బళ్ళారి జిల్లా టెక్కలకోటలో 1960లలో తవ్వితే నవీన శిలాయుగపు గుండ్రటి గుడిసెల నేలలు బయటపడ్డాయి. అక్కడి బోయలు కట్టుకుంటున్న గుడిసెలతో వాటికి పోలిక ఉందని తవ్వినవాళ్ళే గుర్తించారు.

ఈ గుండ్రటి ఇళ్ళ వంశంలో మిగిలినది ఉత్తరాంధ్ర చుట్టిల్లు.

విశాఖ నుంచి శ్రీకాకుళం దాకా తీరం వెంట, ఒకప్పుడు ఊళ్ళకు ఊళ్ళే చుట్టిళ్ళు. మట్టిని తడిపి, గడ్డి కలిపి, కాళ్ళతో బాగా తొక్కి, ముద్దలు చేసి వరస మీద వరసగా గోడ పెట్టేవారు. కింది వరస ఆరితేగానీ పై వరస పెట్టకూడదు. తొందరపడితే గోడ కుంగిపోతుంది. కప్పు బాధ్యత చాలావరకు తాటిచెట్టుదే: మాను చీలిస్తే వాసాలు, ఆకుతో కప్పు, నారతో కట్లు. వాసాలన్నీ నడినెత్తిన ఒకచోట కలుస్తాయి. అక్కడి నుంచి కప్పు వాలుగా జారి నేలకు మూడు నాలుగు అడుగుల ఎత్తు దాకా దిగుతుంది. ఎంతటివాడైనా నడుం వంచి లోపలికి వెళ్ళాల్సిందే. చాలా ఇళ్ళలో నడిమి గది మీద కర్రలు పరిచి, మట్టి మెత్తిన అటక ఉండేది. గింజలు, సామాన్లు దానిమీదే. కప్పు అంటుకున్నా ఆ మట్టి పొర నిప్పును కాసేపు ఆపేది.

చదరపు ఇంటిని తుపాను గాలి ఏం చేస్తుందో చూస్తే ఈ ఆకారం విలువ తెలుస్తుంది. గాలివేగం రెట్టింపైతే దాని ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచింది. అంతటి గాలి ఎదురుగోడను నెట్టడంతో ఊరుకోదు. మూలల దగ్గర, కప్పు అంచుల దగ్గర సుడి తిరిగి రేకులను పైకి లాగుతుంది. ఇళ్ళ కప్పులు చాలావరకు లేచిపోయేది ఇలాగే. చుట్టింటికి మూలల్లేవు. వచ్చిన గాలి గోడను ఒరుసుకుంటూ రెండు పక్కలకూ పోతుంది. కిందికి దిగిన కప్పు వల్ల దానికి అడ్డుపడే గోడ కూడా తక్కువే. రెండు వాలుల కప్పు కంటే నాలుగు వాలుల కప్పు మేలని ఇంజనీర్లు చెప్పే మాట. అన్ని వైపులకూ వాలిన చుట్టింటి కప్పు ఆ దారిలోనే మరో అడుగు ముందుంది.

ఖర్చు లెక్కలోనూ గుండ్రమే గెలుస్తుంది. 25 అడుగుల చదరపు ఇంటికి చుట్టూ 100 అడుగుల గోడ కావాలి. అంతే జాగాను గుండ్రంగా చుడితే 89 అడుగులు చాలు. గోడ తగ్గితే ఎండ తగిలే మేరా తగ్గుతుంది. మందపాటి మట్టిగోడ పగటి వేడిని నెమ్మదిగా పీల్చుకుంటుంది, చూరు నీడ గోడమీద ఎండ పడనివ్వదు, తాటాకు వేడిని లోపలికి దిగనివ్వదు. మే నెలలో రేకుల షెడ్డులో ఉన్నవాళ్ళకు ఈ తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు. కట్టడానికి ఇటుక కాల్చే పనీ లేదు.

అమెరికాలో ఈ గుణాల కోసమే కొందరు డబ్బు పెట్టి గుండ్రటి ఇళ్ళు కట్టుకుంటున్నారు. ఫ్లోరిడాలోని పెన్సకోలా బీచ్‌లో ఒక కాంక్రీటు గుమ్మటపు ఇల్లు 2004లో ఐవన్ తుపానును తట్టుకుని నిలబడింది. అక్కడ అది ముందుచూపున్నవాళ్ళ ఇల్లు. ఇక్కడ చుట్టిల్లు పేదరికపు గుర్తైంది.

దానిని వదిలేసినవాళ్ళను తప్పుపట్టడం అన్యాయం. వేసవిలో ఒక పొయ్యి నిప్పురవ్వ వాడంతా కాల్చిన సంగతి తీరంలో ఏ పెద్దను అడిగినా చెబుతారు. తాటాకు కొన్నేళ్ళకోసారి మార్చాలి, తాటిచెట్లేమో తగ్గిపోయాయి. ఇళ్ళ స్థలాలను పొడవూ వెడల్పుల్లో కొలిచి పంచేసరికి గుండ్రటి ఇంటి చుట్టూ మిగిలే మూలలు వృథా అనిపించాయి. పక్కా ఇంటి పథకాలు స్లాబు వేసిన చదరపు గదినే ఇచ్చాయి. పైగా చుట్టిల్లు గాలిని తట్టుకుంటుంది గానీ ఉప్పెనను కాదు. 1977 నవంబరు 19న దివిసీమలో వేలాదిమందిని పొట్టన పెట్టుకున్నది ప్రధానంగా సముద్రపు నీరే. అంతటి నీటికి మట్టిగోడ కరిగిపోతుంది. అలాంటి రాత్రి ఎత్తైన తుపాను షెల్టరే దిక్కు.

అయితే కాలిపోయేది తాటాకు, కరిగిపోయేది పచ్చిమట్టి. ఆ రెండు లోపాలూ ఆకారానివి కావు. మట్టిలో సుమారు 5 శాతం సిమెంటు కలిపి ఒత్తిన, కాల్చని ఇటుకలతో ఆరోవిల్‌లో దశాబ్దాలుగా ఇళ్ళు కడుతున్నారు. అవే ఇటుకలతో గుండ్రటి గోడ కట్టి, నిప్పంటుకోని కప్పును పునాది దాకా బిగించి కట్టవచ్చు. తీర మండలాల గృహ పథకాల్లో ఇలాంటి నమూనా ఒకటైనా ఉండాలి. దాన్ని గీసే ఇంజనీరు కప్పు వాలు ఎంత, వాసానికీ వాసానికీ ఎడం ఎంత, కట్టు ఎక్కడ పడాలి అన్నవి చుట్టిల్లు కట్టిన ముసలివాళ్ళ దగ్గర కూర్చుని రాసుకోవాలి. వాళ్ళలో కొందరు ఇంకా మన మధ్య ఉన్నారు.