కారు ఎయిర్ ఫిల్టరు మార్పిడి

కారు ఎయిర్ ఫిల్టరు అనగా ఇంజను పీల్చుకునే గాలి నుండి దుమ్మును వేరుచేసే వడపోత. తెలుగులో దీనిని గాలి వడపోత అనవచ్చును. నేటి కార్లలో చాలావాటికి ఇటువంటివి రెండు ఉంటాయి. మొదటిది ఇంజనుకు సంబంధించినది. రెండవది ప్రయాణికులు కూర్చునే చోటికి బయటి నుండి వచ్చే గాలిని వడగట్టేది. దీనిని క్యాబిన్ ఫిల్టరు అంటారు. రెండూ కొంతకాలానికి దుమ్ముతో నిండిపోయి మార్చవలసి వచ్చేవే. పనిముట్లు పెద్దగా అవసరం లేనందున, కారు యజమాని స్వయంగా చేసుకోగల పనులలో దీనిని ముందుగా చెప్పుకోవచ్చును. అయితే సరిగా కూర్చోని కొత్త ఫిల్టరు, మురికి పట్టిన పాత ఫిల్టరు కంటె ఇంజనుకు ఎక్కువ చేటు చేయగలదు.

ఇంజను పీల్చే గాలి

ఒక కిలోగ్రాము పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోగ్రాముల గాలి కావాలి. ఈ లెక్కన ఒక లీటరు పెట్రోలుకు సుమారు 11 కిలోగ్రాముల గాలి, అనగా దాదాపు 9,000 లీటర్ల గాలి అవసరం. లీటరుకు 15 కిలోమీటర్లు నడిచే కారు 10,000 కిలోమీటర్లు తిరిగేసరికి 60 లక్షల లీటర్ల గాలిని పీల్చుకుంటుంది. ఘనపు మీటరు గాలిలో ఒక మిల్లీగ్రాము దుమ్ము ఉన్నదనుకుంటే, ఇంత గాలిలో 6 గ్రాముల దుమ్ము ఉంటుంది.

ఆరు గ్రాములంటే ఒక చెంచాడు. కాని రోడ్డు దుమ్ములో ఎక్కువగా ఉండే ఇసుక రేణువులు పోత ఇనుము కంటె గట్టివి. ఇంజనులో పిస్టను రింగులకు, సిలిండరు గోడకు నడుమ ఉండే ఆయిలు పొర మందం కొద్ది మైక్రాన్లు మాత్రమే. మనిషి తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 5 నుండి 20 మైక్రాన్ల రేణువులు కంటికి విడిగా కనబడవు గాని, ఆ పొరలో చిక్కుకుని లోహాన్ని గీకివేస్తాయి. క్రమంగా సిలిండరు అరిగి, ఆయిలు మండి నీలిపొగ వస్తుంది, ఇంజను బలం తగ్గుతుంది. ఈ అరుగుదల తిరిగి పూడేది కాదు. ఇంజను విప్పి బోరింగు చేయించవలసిందే. టర్బో ఉన్న ఇంజన్లలో అతివేగంగా తిరిగే టర్బో రెక్కలు కూడా దెబ్బతింటాయి.

నిర్మాణం

ఇప్పటి ఇంజను ఫిల్టర్లు చాలావరకు రెజిను పట్టించిన కాగితంతో గాని, కృత్రిమ నారతో గాని తయారవుతాయి. తక్కువ చోటులో ఎక్కువ వైశాల్యం దొరకుటకు కాగితాన్ని చీర కుచ్చిళ్ళ వలె మడతలు పెడతారు. అంచు చుట్టూ మెత్తని రబ్బరు వంటి పట్టీ ఉంటుంది. పెట్టెకు, ఫిల్టరుకు మధ్య సందు లేకుండా మూసేది ఈ పట్టీయే.

కాగితం జల్లెడ వలె కేవలం రంధ్రాల పరిమాణాన్ని బట్టి మాత్రమే పనిచేయదు. నారల మధ్య మెలికలు తిరిగే గాలి నుండి రేణువులు విడిపోయి నారలకు అతుక్కుంటాయి. అతుక్కున్న దుమ్మే తరువాత వచ్చే దుమ్మును ఆపుతుంది. కనుక కొంత వాడిన ఫిల్టరు, సరికొత్త ఫిల్టరు కంటె సన్నని దుమ్మును బాగా పడుతుంది. ఫిల్టర్ల పరీక్షకు ఐఎస్ఓ 5011 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉన్నది. ఈ పరీక్షలలో అమెరికాలోని అరిజోనా ఎడారి మట్టి నుండి తయారుచేసిన ప్రామాణిక దుమ్మును వాడతారు.

పాత కార్లలోను, ట్రాక్టర్లలోను ఆయిలు తొట్టి ఫిల్టర్లు ఉండేవి. నూనె తడిపిన నూలుగుడ్డతో చేసి, కడిగి మళ్ళీ వాడుకునే ఫిల్టర్లు కూడా దొరుకుతాయి. వీటికి నూనె అతిగా పట్టిస్తే అది గాలి పరిమాణాన్ని కొలిచే సెన్సారు మీద పేరుకుని ఇంజను తప్పుగా నడుస్తుంది.

ఎప్పుడు మార్చాలి

చాలా కంపెనీలు మామూలు రోడ్లకు 20,000 నుండి 40,000 కిలోమీటర్ల మధ్య గడువును సూచిస్తాయి. మధ్యలో తనిఖీ చేయమని, దుమ్ము ప్రాంతాలలో ముందే మార్చమని కారుతో ఇచ్చే పుస్తకంలోనే వ్రాసి ఉంటుంది. ఈ రెండవ సూచనను చాలామంది చదవరు. కరీంనగర్ వైపు గ్రానైటు క్వారీల దారులలో రోజూ తిరిగే కారుకు, నగరంలో ఆఫీసుకు వెళ్ళివచ్చే కారుకు ఒకే గడువు సరిపోదు. రోడ్డు మీద ధాన్యం నూర్చి ఆరబోసే కాలంలో పొట్టు, నలక కూడా ఫిల్టరు పెట్టెలో చేరతాయి.

మురికి ఫిల్టరు వలన మైలేజీ పడిపోతుందన్నది ప్రచారంలో ఉన్న మాట. కార్బ్యురేటరు ఉన్న పాత కార్ల విషయంలో ఇది నిజమే. కాని అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో వెలువరించిన పరీక్షల ప్రకారం, కంప్యూటరు అదుపులో ఇంధనం చిమ్మే పెట్రోలు కార్లలో మైలేజీ చెప్పుకోదగినంత మారలేదు. వేగం అందుకొనుటకు పట్టే సమయం మాత్రం పెరిగింది. లోపలికి వచ్చే గాలి తగ్గితే కంప్యూటరు ఇంధనాన్ని కూడా తగ్గించడమే ఇందుకు కారణం. కనుక మైలేజీ తగ్గలేదు గదా అని ఫిల్టరును వదలివేయడం పొరపాటు. డీజిలు కార్లలో ఫిల్టరు బాగా పూడుకుపోతే నల్లపొగ రావచ్చును.

మార్చే విధానం

ఇంజను ఆపి, చల్లారిన తరువాత బానెట్టు ఎత్తవలెను. లావుపాటి గొట్టం తగిలించి ఉన్న నల్లని ప్లాస్టిక్ పెట్టెయే ఫిల్టరు పెట్టె. దీని మూత క్లిప్పులతో గాని, స్క్రూలతో గాని బిగించి ఉంటుంది. కొన్ని కార్లలో మూతకు సెన్సారు వైరు కలిసి ఉంటుంది. మూతను గట్టిగా లాగితే వైరు తెగవచ్చును.

పాత ఫిల్టరును నెమ్మదిగా, అడ్డంగా వంచకుండా పైకి తీయాలి. మడతలలోని దుమ్ము ఇంజను వైపు గొట్టంలో రాలితే వడపోత ఉండీ ప్రయోజనం లేదు. గొట్టం నోటికి శుభ్రమైన గుడ్డ అడ్డుపెట్టి, పెట్టె అడుగున పేరుకున్న మట్టిని, ఆకులను తడిగుడ్డతో తుడిచివేయాలి. గాలి కొట్టి ఊదకూడదు. కొత్త ఫిల్టరు పట్టీ చుట్టూ గాడిలో కూర్చున్నదో లేదో వేలితో తడిమి చూడాలి. మూత బలవంతంగా మూయవలసి వస్తున్నదంటే ఫిల్టరు వంకరగా ఉన్నట్లే, లేదా ఆ కారుది కానట్లే. అడ్డుపెట్టిన గుడ్డను తీయడం మరచిపోకూడదు.

చాలా సర్వీసు కేంద్రాలలో పాత ఫిల్టరుకు కంప్రెసరు గాలి కొట్టి మళ్ళీ పెట్టడం అలవాటు. శుభ్రమైన వైపు నుండి, తక్కువ ఒత్తిడితో, దూరం నుండి కొడితే పైపై దుమ్ము రాలుతుంది. టైర్లకు గాలి పట్టే గొట్టాన్ని మడతలకు ఆనించి కొడితే కాగితానికి సూదిమొన లంత చిల్లులు పడతాయి. అటువంటి ఫిల్టరు చూడడానికి శుభ్రంగానే ఉంటుంది. వెనుక దీపం పెట్టి చీకటిలో చూస్తే చుక్కలుగా వెలుగు కనబడవచ్చును. కాగితపు ఫిల్టరును నీటితో గాని, పెట్రోలుతో గాని కడగకూడదు.

క్యాబిన్ ఫిల్టరు

ఇది సాధారణంగా డాష్‌బోర్డులో ఎడమవైపు సామాను అర వెనుక ఉంటుంది. అరను ఖాళీచేసి, రెండు పక్కలా నొక్కి కిందికి దించితే సన్నని మూత కనబడుతుంది. ఫిల్టరు అంచున ఉన్న బాణపు గుర్తు గాలి వీచే దిశను తెలుపుతుంది. తీసేటప్పుడే ఆ దిశను గుర్తుంచుకోవాలి. తక్కువ ధర కార్లు కొన్నింటికి ఈ ఫిల్టరు ఉండదు. ఉత్తేజిత బొగ్గు పొర ఉన్నవి కొన్ని వాసనలను కూడా తగ్గిస్తాయి. ఏ.సి. గాలి వేగం తగ్గడం, ముక్క వాసన రావడం మార్చవలసిన గుర్తులు. ఎలుకలు గూడు కట్టుకునే చోటు కూడా ఇదే. విద్యుత్ కార్లకు ఇంజను ఫిల్టరు లేకపోయినా క్యాబిన్ ఫిల్టరు ఉంటుంది.

వరదనీరు

నీరు గాలి వలె కుదించుకుపోదు. సిలిండరులోనికి నీరు చేరినప్పుడు ఇంజను తిరిగితే పిస్టను దానిని నొక్కలేక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. 2020 అక్టోబరులో హైదరాబాదులోను, 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు పొంగిన విజయవాడలోను ఎన్నో కార్లు నీట మునిగాయి. మునిగిన కారును, నీటిలో ఆగిపోయిన కారును స్టార్టు చేయకుండా ముందుగా ఫిల్టరు పెట్టె తెరచి చూడాలి. కాగితం తడిగా ఉన్నా, అడుగున బురద కనబడినా తాళం తిప్పకూడదు. బ్యాటరీ తీగ విప్పి, కారును లాగించి తీసుకువెళ్ళడమే మార్గం. తడిసిన కాగితపు ఫిల్టరును ఎండబెట్టి వాడరాదు, కొత్తది వేయాలి.

ఇవి కూడా చూడండి

అంతర్దహన యంత్రం
కార్బ్యురేటరు
టర్బోచార్జరు
వాయు కాలుష్యం